హెచ్‌పీవీ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందా: ఆ వార్తను చదవవలసిన తీరు, చదివాక చేయవలసిన పని

నరసన్నపేట వైపు పల్లె నుంచి వచ్చిన నలభై ఏళ్ల ఆవిడ ఒకరు, రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీ అడుగున దాచి తెచ్చి, బల్ల మీద పెట్టే ముందు చుట్టూ ఒకసారి చూసి, "ఏటి బాబూ, గర్భసంచి మూతి కాడ ఈ వైరస్ ఉందన్నారు, ఇది రొమ్ముకి కూడా పాకుతాదంట కదా, ముందే తీయించేసుకుంటే మంచిదేటి?" అని అడిగారు. ఆ కాగితంలో ఉన్నది హెచ్‌పీవీ పరీక్ష ఫలితం మాత్రమే. రొమ్ము మాట అందులో ఎక్కడా లేదు. ఆ వైరస్ వల్ల రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుందన్న మాట ఆవిడకు ఫోనులో వచ్చిన ఒక వార్త వల్ల తెలిసింది. అటువంటి వార్తనే చదివిన విజయనగరం పెద్దమనిషి ఒకాయన, కూతురికి హెచ్‌పీవీ టీకా వేయించేశాను గనుక ఇక రొమ్ము క్యాన్సర్ బెంగ కూడా లేనట్టేనని నాతో ధీమాగా అన్నారు. ఒకే వార్త ఒకరికి అక్కరలేని భయాన్నీ, మరొకరికి ఆధారం లేని భరోసానూ ఇచ్చింది గనుక, దానిని ఎలా చదవాలో, చదివాక ఏం చేయాలో విడమరిచి రాయడం అవసరమనిపించింది.

నేను డాక్టరును కాను. శరీరం నుంచి తీసిన ముక్కను మైనంలో పోసి, పలచగా కోసి, రంగు వేసి, డాక్టరు మైక్రోస్కోపు కిందికి చేర్చే పనిలో చాలా ఏళ్లు గడిపిన ల్యాబ్ టెక్నీషియన్‌ను. అందువల్ల చికిత్స గురించి ఇక్కడ చెప్పేదంతా డాక్టరును ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికివస్తుందే తప్ప డాక్టరు మాటకు బదులు కాదు. పరీక్షల ఫలితాలు ఎలా పుడతాయో, ఎక్కడ తప్పుతాయో మాత్రం నాకు చేతిపని ద్వారా తెలిసిన విషయం.

తేలినది, తేలనిది

హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిల్లోమా వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. వాటిలో చాలావాటి వల్ల పులిపిర్లకు మించిన ప్రమాదం ఉండదు. ఒక డజను రకాలు మాత్రం క్యాన్సర్‌కు కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే మూలం. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఆ కణితుల్లో 16వ రకాన్ని 1983లోనూ, 18వ రకాన్ని ఆ మరుసటి ఏడాదీ పట్టుకుంది. ఆ పనికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మలద్వారం, యోని, పురుషాంగం, గొంతు వెనుక భాగాల్లో వచ్చే కొన్ని క్యాన్సర్లకు కూడా ఈ వైరస్ కారణమని తేలింది. ఈ జాబితాలో రొమ్ము లేదు.

అలాగని రొమ్ము సంగతి ఎవరో గాలికి పుట్టించిన మాట కూడా కాదు. 1992లో ఇటలీ పరిశోధకులు రొమ్ము కణితుల్లో 16వ రకం డీఎన్ఏ కనిపించిందని ప్రకటించారు. ఆ తరువాత ఆస్ట్రేలియా, నార్వే, బ్రెజిల్, గ్రీస్, చైనా, మన దేశం వంటి అనేక చోట్ల పరిశోధకులు వెదికారు. కొందరికి కనిపించింది, కొందరికి ఒక్క కణితిలోనూ కనిపించలేదు. ఫలితాలు సున్నా నుంచి 86 శాతం దాకా విస్తరించి ఉన్నాయి. ఒకే జబ్బులో ఒకే వైరస్ కోసం వెదికినప్పుడు ఇంత తేడా రావడమే మనం మొదట ఆగి ఆలోచించవలసిన చోటు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇలాంటి తేడా లేదు. ఏ దేశంలో చూసినా దాదాపు ప్రతి కణితిలోనూ ఆ వైరస్ దొరుకుతుంది.

వార్తను చదివేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న, వైరస్‌ను ఏ పద్ధతిలో వెదికారు అన్నది. ఎక్కువ అధ్యయనాల్లో వాడినది పీసీఆర్. డీఎన్ఏ తునకను ప్రతి విడతలో రెట్టింపు చేసుకుంటూ పోయే పరీక్ష ఇది. ఒక్క తునక ఉన్నా ముప్పై విడతలు గడిచేసరికి లెక్క ప్రకారం వంద కోట్లు దాటుతుంది. ఆ పరీక్ష బలం అదే, బలహీనతా అదే. రోగి కణితిలో ఉన్న తునకనే కాక, పక్క నమూనా నుంచో, బల్ల మీది నుంచో, టెక్నీషియన్ చేతి తొడుగు నుంచో రాలిన తునకనూ అది అంతే నమ్మకంగా పెంచి చూపిస్తుంది.

ఇది ఎంత సులువుగా జరుగుతుందో నాకు తెలుసు. మైనపు దిమ్మను ఒక మిల్లీమీటరులో రెండు మూడు వందల వంతు మందంలో కోసినప్పుడు ముక్కలు రిబ్బనులా ఒకదానికొకటి అంటుకుని వస్తాయి. వాటిని గోరువెచ్చని నీటి తొట్టెలో తేలవేసి, ముడతలు విడిపోయాక గాజు పలక మీదికి ఎత్తుకుంటాము. నేను పనిలో చేరిన కొత్తలో, ముందు కోసిన దిమ్మ నుంచి విడిపోయిన ఆవగింజలో సగమంత పొర ఒకటి ఆ నీటి మీద మిగిలిపోయి, తరువాతి రోగి స్లైడు మీదికి ఎక్కింది. పిత్తాశయం ముక్క పక్కన థైరాయిడ్ కణజాలం కనిపించేసరికి డాక్టరు గారు నవ్వి, "ఈయనకు గొంతు పొట్టలో ఉందా?" అని స్లైడు నా చేతిలో పెట్టారు. కంటికి కనిపించే పొర గనుక అది దొరికిపోయింది. కంటికి కనిపించని డీఎన్ఏ తునక అదే బ్లేడు మీద, అదే నీటిలో ఉంటే ఎవరు పట్టుకుంటారు? గర్భాశయ ముఖద్వారం దిమ్మలనూ రొమ్ము దిమ్మలనూ ఒకే బ్లేడుతో కోసే ల్యాబుల్లోని పాత దిమ్మలనే పరిశోధనకు తీసుకున్నప్పుడు ఈ అనుమానం తప్పదు. పైగా ప్రపంచంలోని ఎన్నో పరిశోధనశాలల్లో పెరిగే హీలా కణాలు 1951లో ఒక అమెరికా స్త్రీ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసినవి. వాటి నిండా హెచ్‌పీవీ 18 ఉంటుంది. అందువల్ల, ఖాళీ నమూనాలను కూడా వరుసలో పెట్టి పరీక్షించారా, బ్లేడు ప్రతి దిమ్మకూ మార్చారా అన్నది అధ్యయనంలో రాసి ఉందా లేదా అని చూడాలి. వార్తాపత్రికలో అది ఉండదు; తెలిసిన డాక్టరు చేత అసలు వ్యాసాన్ని తెరిపించి చూడవచ్చు.

రెండో ప్రశ్న, దొరికిన వైరస్ ఎంత ఉంది, పని చేస్తోందా అన్నది. ఈ వైరస్ క్యాన్సర్ తెచ్చే చోట ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. గాడి తప్పిన కణాన్ని ఆపే కాపలా ప్రోటీన్లను ఆ రెండూ పనిచేయకుండా చేస్తాయి. అవి తయారవుతుంటే కణంలో వాటి ఆర్ఎన్ఏ కనిపించాలి. గర్భాశయ ముఖద్వార కణితుల్లో అది పుష్కలంగా కనిపిస్తుంది. రొమ్ము కణితుల్లో, కనిపించిందన్న చోట్ల కూడా, వైరస్ పరిమాణం ఎంతో తక్కువ. వేల కణితుల ఆర్ఎన్ఏను చదివి 2013లో ప్రచురించిన పెద్ద విశ్లేషణల్లో రొమ్ము క్యాన్సర్‌కూ ఈ వైరస్‌కూ అటువంటి జోడింపు బయటపడలేదు.

దీనికి అవతలి పక్షం వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. ప్రయోగశాలలో పెంచిన మామూలు రొమ్ము కణాలలోకి ఈ వైరస్ జన్యువులను చొప్పిస్తే ఆ కణాలు చావకుండా పెరుగుతూ పోతాయని 1990లోనే చూపించారు. వైరస్ మొదట్లో కణాన్ని పాడుచేసి, ఆ తరువాత కనిపించకుండా తప్పుకుంటుందేమో అన్న ఊహా ఉంది. కణితి ఉన్న రొమ్ములో, లేని రొమ్ములో కన్నా వైరస్ ఎక్కువసార్లు దొరికిందని అధ్యయనాలను కలిపి లెక్కగట్టినవారు రాశారు. అయితే నాణ్యతలో తేడా ఉన్న అధ్యయనాలను ఎన్ని కలిపినా లెక్క పెద్దదవుతుందే గానీ మచ్చ పోదు. నా మటుకు ఈ వాదనలు వెదుకులాట కొనసాగించడానికి సరిపోతాయి, నిర్ణయానికి సరిపోవు.

మూడో ప్రశ్న నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోస్తుంది: ఈ వైరస్ నిజంగా కారణమైతే, ఇంకెక్కడ దాని జాడ కనిపించాలి? శరీర రక్షణ శక్తి తగ్గినవారిలో, అంటే హెచ్ఐవీ ఉన్నవారిలోనూ, కిడ్నీ మార్పిడి తరువాత మందులు వాడేవారిలోనూ, వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లు పెరుగుతాయి. హెచ్‌పీవీ వల్ల వచ్చేవి వారిలో స్పష్టంగా పెరిగాయి. రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇక మరో పాత సాక్ష్యం ఉంది. క్రైస్తవ సన్యాసినులలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని ఇటలీ వైద్యుడు రమజీని 18వ శతాబ్దం మొదట్లోనే రాశాడు. గర్భాశయ క్యాన్సర్ వారిలో అరుదని 1842లో రిగోని స్టెర్న్ అనే మరో ఇటలీ వైద్యుడు వెరోనా నగరపు మరణాల లెక్కలు తిరగేసి చూపించాడు. సంపర్కం ద్వారా అంటుకునే వైరస్సే రెండింటికీ మూలమైతే రెండూ కలిసి తగ్గాలి. ఒకటి తగ్గి ఒకటి పెరిగిందంటే రొమ్ము విషయంలో బలంగా పనిచేస్తున్నది వేరొకటని అర్థం; పిల్లలు పుట్టకపోవడం, పాలివ్వకపోవడం, వాటి వెనుక ఉన్న హార్మోన్లు అని ఈనాడు మనకు తెలుసు.

ఒకటి ఉన్నంత మాత్రాన అదే కారణం కాదన్న మాటను ఉత్తరాంధ్ర వారికి ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు విషయంలో నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భార లోహాలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు; నమూనాల్లో ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది, కారణం మాత్రం ఇదీ అని ఖాయం కాలేదు. అడ్డపొగ కథ దీనికి పూర్తిగా వేరు. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చే ఆడవారికి అంగిలి మీదనే క్యాన్సర్ రావడాన్ని, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూసిన అధ్యయనం 1971లో అచ్చులో పెట్టింది. అక్కడ నిప్పు తగిలే చోటే మచ్చ. నిప్పు తగలని వారి అంగిలి మీద అలాంటి మచ్చలు అరుదు. రొమ్ము, హెచ్‌పీవీల వ్యవహారం ఇప్పటికి ఉద్దానం వైపే ఉంది, అడ్డపొగ వైపు లేదు.

హెచ్‌పీవీ ఫలితం పాజిటివ్ వచ్చినవారు చేయవలసినది

ఆ ఫలితం గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినది. దానిని అక్కడికే పరిమితం చేయాలి. సంపర్కం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, పదింట తొమ్మిది వరకు సోకులు రెండేళ్లలో వాటంతట అవే పోతాయి, మిగిలినది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. 16 లేదా 18 రకం అయితే సాధారణంగా నేరుగా కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష, చేస్తారు. ఇతర రకాలైతే వెనిగర్ ద్రావణం పూసి చూడడమో, పాప్ పరీక్షో చేసి, అవసరాన్ని బట్టి ఏడాదికి మళ్లీ రమ్మంటారు. పాజిటివ్ అన్న ఒక్క మాటకే గర్భసంచి తీయించుకోవద్దు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. దానికి మరొక కారణం తోడుకానక్కరలేదు. రొమ్ము తీయించుకోవడమన్న ప్రసక్తి అసలే లేదు. నరసన్నపేట ఆవిడకు గైనకాలజీ విభాగంలో డాక్టరమ్మ చెప్పినదీ ఇదే, ఏడాది తరువాతి తేదీ చీటీ మీద రాసి ఇచ్చి పంపారు.

టీకా విషయం

ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య, అంటే వైరస్ తగలక ముందే, వేయించడం మేలు. ఉన్న సోకును టీకా పోగొట్టదు. మన దేశంలో తయారైన సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. గార్డసిల్ అంతకు ముందు నుంచే ఉంది. 17 ఏళ్ల లోపు టీకా వేయించుకున్నవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తక్కువని స్వీడన్‌లో 2020లో లెక్క తేలింది. వేయించడానికి ఈ ఒక్క లెక్క చాలు. దానికి రొమ్మును జోడించి గొప్ప చెప్పనవసరం లేదు. నిజానికి రొమ్ము ప్రశ్నకు కూడా చివరికి జవాబు టీకా నుంచే రావచ్చు. ఆస్ట్రేలియాలో 2007లో బడిలో టీకా వేయించుకున్న పన్నెండేళ్ల పిల్లలు ఇప్పుడిప్పుడే ముప్పై దాటుతున్నారు. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించే వయసుకు వారు చేరాక, వేయించుకున్నవారికీ లేనివారికీ తేడా ఉందో లేదో తెలుస్తుంది.

2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన టీకా కార్యక్రమాన్ని, పిల్లల మరణాల వార్తల మధ్య 2010 ఏప్రిల్‌లో దానిని ఆపివేయడాన్ని గుర్తుంచుకున్న తల్లిదండ్రులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘానికి ఆధారం దొరకలేదు. తల్లిదండ్రుల అంగీకారం తీసుకున్న తీరులో లోపాలను మాత్రం అది ఎత్తిచూపింది. కాబట్టి మీ పిల్లకు టీకా వేసే ముందు కాగితం చదివి వినిపించమని అడగడం మీ హక్కు. అడగండి.

రొమ్ము కోసం వేరుగా చేయవలసినది

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్, 1.27 లక్షల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రొమ్ము క్యాన్సర్‌కు తెలిసిన కారణాలు వయసు, కుటుంబంలో తల్లికో అప్పకో రావడం, బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం, చిన్న వయసులో రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగిపోవడం, కాన్పులు లేకపోవడం, ముట్లాగిన తరువాత పెరిగిన బరువు, మద్యం. వీటిలో చాలావాటిని మనం మార్చుకోలేము గనుక తొందరగా పట్టుకోవడమే పని.

ఇంటి దగ్గర నెలకొకసారి, ముట్టు మొదలైన వారం తరువాత, నాలుగు వేళ్ల మెత్తటి భాగంతో రొమ్మునూ చంకనూ తడిమి చూసుకోవాలి. నొప్పి లేని గట్టి గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి లాగడం, రక్తం కలిసిన చెమ్మ, చంకలో ఉండ, వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. "నొప్పి లేదు కదా, ఏం కాదులే" అన్న మాట మా ల్యాబుకు ఆలస్యంగా వచ్చిన ముక్కలన్నింటి వెనుకా విన్నాను. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయినా ఆ సంగతి పరీక్ష చెప్పాలి. ముప్పై ఏళ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మూడూ ఐదేళ్లకొకసారి చూడాలన్నది ప్రభుత్వ నియమం; ఏఎన్ఎం, ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి అడిగినప్పుడు మొహమాటపడి పంపివేయకండి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో చూడడం వల్ల యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని, ముంబైలో లక్షన్నర మంది మీద ఇరవై ఏళ్లు సాగిన టాటా మెమోరియల్ అధ్యయనం 2021లో చూపించింది.

గడ్డ ఉంటే శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సర్జరీ విభాగానికి వెళ్లాలి. క్యాన్సర్ అని తేలితే విశాఖలో కేజీహెచ్, అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

ఇంట్లో మాట

ఈ వార్త వల్ల కలిగే హానిలో అన్నిటికన్నా చేదైనది ఇంటి గడప లోపలే జరుగుతుంది. రొమ్ము ఆపరేషన్ అయి వచ్చిన కోడలిని, ఇది మగవాళ్ల వల్ల వచ్చే వైరస్ జబ్బట కదా అని అత్తవారింటి వారు పది మందిలో అన్నారు. ఆ పిల్ల కీమో మధ్యలోనే పుట్టింటికి వచ్చేసింది. ఆ మాట రెండు విధాల తప్పు. రొమ్ము క్యాన్సర్‌కు ఈ వైరస్ కారణమని రుజువు కాలేదు. ఇక వైరస్ నిజంగా ఉన్నదనే తేలినా, అది ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు గనుక ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. అటువంటి మాట అన్నవారికి ఆ రెండో సంగతిని చెప్పడానికి డాక్టరును పిలిపించుకోండి. ఇంటివాళ్లు చెబితే వినని పెద్దలు తెల్లకోటు చెబితే వింటారు.

క్యాన్సర్ అని తేలాక ముక్క విషయంలో జాగ్రత్తలు

రొమ్ము కణితిలో హెచ్‌పీవీ ఉందా అని డబ్బు పెట్టి పరీక్ష చేయించవద్దు. ఆ జవాబు ఏదైనా చికిత్స మారదు. చికిత్సను మార్చేవి ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పరీక్షలు. రిపోర్టులో ఈ మూడూ ఉన్నాయో లేదో చూసి అడగాలి. అవి సరిగా రావాలంటే తీసిన ముక్క వెంటనే ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతల ద్రావణంలో మునగాలి. పలాస నుంచి వచ్చిన ఒక తమ్ముడు అక్క ముక్కను సెలైన్ సీసాలో, సీసా మూతికి ప్లాస్టరు చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. మూత తీసేసరికి వాసన వచ్చింది, మూడు పరీక్షల్లో ఒక్కటీ నమ్మదగ్గట్టు రాలేదు, మళ్లీ ముక్క తీయవలసి వచ్చింది. సీసా మీ చేతికి ఇస్తే లోపల ఉన్నది ఫార్మలినేనా, పేరు, తేదీ, ముక్క తీసిన సమయం చీటీ మీద ఉన్నాయా అని అక్కడే అడగండి.

విశాఖ వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. మైనపు దిమ్మలనూ స్లైడులనూ కూడా అడిగి, రసీదు మీద సంతకం పెట్టి తీసుకోవాలి. అక్కడి డాక్టర్లు వాటిని మళ్లీ చూస్తారు, అవి ఉంటే రెండోసారి సూది పొడవక్కరలేకపోవచ్చు. దిమ్మలను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, స్లైడులను దూదిలో చుట్టి పెట్టండి. మే నెల ఎండలో బండి సీటు కింది డబ్బాలోనో, కారు ముందు అద్దం దగ్గరో వదిలేయకండి. అది మైనం, మెత్తబడుతుంది.